మూడు థియేటర్లు, ఒక మత్తు డాక్టర్: రెండో డోసు తర్వాత వచ్చిన ఫోన్

అనాఫిలాక్సిస్ (ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన ఎలర్జీ) గురించి రాసిన కేసులు కావలసినన్ని ఉన్నాయి. ఇది కూడా అనాఫిలాక్సిస్ కేసే, కానీ నేను రాయాలనుకున్నది జబ్బు గురించి కాదు. పేషెంట్ ప్రెషర్ పడిపోతున్నప్పుడు అతని తల దగ్గర ఉన్నది డాక్టర్ కాదు, అనస్థీషియాలజిస్ట్ (మత్తు డాక్టర్) అసిస్టెంట్. ఆ కేసుకి బాధ్యుడైన డాక్టర్ని నేను. నేను రెండు గదుల అవతల ఇంకో పేషెంట్‌కి మత్తు ఇవ్వబోతున్నాను. ఏదో పొరపాటు వల్ల అలా జరగలేదు. మా ఏర్పాటే అది. అది ఎలా పనిచేస్తుంది, ఎక్కడ బిగుసుకుంటుంది అన్నదే ఈ కేసులో చూడాల్సింది.

పేషెంట్‌ని ఎవరూ గుర్తుపట్టకుండా వయసు, ఆపరేషన్ వివరాలు కొన్ని మార్చాను.

ఎవరీ అసిస్టెంట్లు

అమెరికాలో చాలా ఆసుపత్రుల్లో మత్తు డాక్టర్ ఒకే పేషెంట్ దగ్గర మొదటి నుంచి చివరిదాకా కూర్చోడు. ప్రతి ఆపరేషన్ థియేటర్లో ఒక అసిస్టెంట్ గానీ నర్స్ అనస్థెటిస్ట్ (మత్తు ఇవ్వడంలో శిక్షణ పొందిన నర్స్) గానీ ఉంటారు. డాక్టర్ రెండు మూడు గదులు, ఒక్కోసారి నాలుగు గదులు చూస్తాడు. అసిస్టెంట్ల చదువు 1969లో రెండు చోట్ల మొదలైంది: అట్లాంటాలో ఎమరీ యూనివర్సిటీ, క్లీవ్‌లాండ్‌లో కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ. డిగ్రీలో మెడికల్ కాలేజీకి కావలసిన సబ్జెక్టులే చదివి, ఆ తర్వాత రెండేళ్లకు పైగా పట్టే మాస్టర్స్ చేసి, జాతీయ స్థాయి పరీక్ష పాసైతే సర్టిఫికెట్ వస్తుంది. మా వాడుకలో వాళ్లు ‘ఏఏ’లు. దేశంలో అన్ని రాష్ట్రాలూ వాళ్లను ఇంకా ఒప్పుకోలేదు.

నర్స్ అనస్థెటిస్టులకీ వీళ్లకీ పెద్ద తేడా ఒకటుంది. నర్స్ అనస్థెటిస్టుల మీద డాక్టర్ పర్యవేక్షణ ఉండాలన్న మెడికేర్ (ముఖ్యంగా వయసు మళ్లినవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా) నియమం నుంచి రాష్ట్రాలు బయటికి రావచ్చని 2001లో కేంద్ర ప్రభుత్వం వీలు కల్పించింది. అయోవాతో మొదలుపెట్టి చాలా రాష్ట్రాలు వచ్చేశాయి కూడా. ఏఏలకి ఆ దారి లేదు. మెడికేర్ నియమాల ప్రకారం ఏఏ మీద అనస్థీషియాలజిస్ట్ పర్యవేక్షణ ఉండి తీరాలి, ఆ డాక్టర్ వెంటనే అందుబాటులో ఉండాలి. వేరే డాక్టర్, అంటే సర్జన్, ఉంటే చాలదు.

ఇక డాక్టర్ ఏం చేయాలన్నది 1982 నాటి టెఫ్రా చట్టం నుంచి వచ్చిన ఏడు షరతుల్లో ఉంది. ముందుగా పేషెంట్‌ని పరీక్షించాలి. ప్లాన్ తనే రాయాలి. మత్తు ఇవ్వడం, మత్తు నుంచి బయటికి తేవడం లాంటి కష్టమైన ఘట్టాల్లో స్వయంగా పాల్గొనాలి. తను చేయని పని అర్హత ఉన్నవాళ్లే చేసేలా చూడాలి. మధ్యమధ్యలో వచ్చి చూస్తూ ఉండాలి. ఎమర్జెన్సీ వస్తే చూడటానికి అక్కడే ఉండాలి. ఆపరేషన్ తర్వాతి సంరక్షణా తన బాధ్యతే. ఒకేసారి నాలుగు కేసుల వరకే ఇలా చేయవచ్చు. అప్పుడు మెడికేర్ ఫీజు డాక్టర్‌కి సగం, అసిస్టెంట్‌కి సగం వస్తుంది. ఐదో కేసు చేరిందంటే అది ‘డైరెక్షన్’ కింద లెక్కకు రాదు, ‘సూపర్‌విజన్’ అవుతుంది, డాక్టర్‌కి వచ్చే డబ్బు బాగా తగ్గిపోతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ ఏడూ డాక్టర్ బిల్లు పెట్టుకోవడానికి విధించిన షరతులు. పేషెంట్ భద్రత గురించి ఆలోచించి ఎవరో శాస్త్రీయంగా తేల్చిన అంకె కాదు ఆ నాలుగు. అయినా మా డిపార్ట్‌మెంట్ మీటింగుల్లో ‘నాలుగు దాకా పర్వాలేదుగా’ అనే మాట భద్రత హామీలాగా వినిపిస్తుంటుంది. నాకది ఎప్పుడూ మింగుడుపడదు.

ఆ రోజు పొద్దున

నాకు ఆ రోజు మూడు థియేటర్లు. ఒకటో గదిలో ల్యాపరోస్కోపిక్ పద్ధతిలో పొట్ట మీది హెర్నియా ఆపరేషన్. రెండో గదిలో మోకాలి ఆర్త్రోస్కోపీ. మూడో గదిలో థైరాయిడ్ సగభాగం తీసేసే ఆపరేషన్. షెడ్యూల్లో మూడింటికీ ఏడున్నరే. ముగ్గురు సర్జన్లూ ఏడున్నరకే చేతులు కడుక్కోవాలని చూస్తారు. మత్తు ఇచ్చేటప్పుడు నేను ప్రతి గదిలోనూ ఉండాలి. ఇది ఎలా సాధ్యమన్న ప్రశ్న షెడ్యూల్ వేసే కంప్యూటర్‌కి రాదు.

కాబట్టి వరస మేమే పెట్టుకుంటాం. ఒకటో గది ఏడున్నరకి, రెండోది పది నిమిషాల తర్వాత, మూడోది ఇంకో పది నిమిషాల తర్వాత. థైరాయిడ్ సర్జన్ ముఖం చిట్లించుకున్నారు. ఆ ఇరవై నిమిషాలు ఆయనకి నష్టమే, కాదనను. కానీ నేను లేకుండా మత్తు ఇప్పించి, తర్వాత రికార్డులో ‘ఇండక్షన్‌లో (మత్తు ఇచ్చే ఘట్టంలో) ఉన్నాను’ అని టిక్ పెడితే అది ఆలస్యం కంటే పెద్ద సమస్య. ప్రభుత్వానికి తప్పుడు బిల్లు పెట్టడమే అది. అలాంటి టిక్కుల మీద ఇక్కడ కేసులు నడుస్తాయి.

ఒకటో గది పేషెంట్‌కి యాభై ఎనిమిదేళ్లు, 92 కిలోలు. బీపీ ఉంది, లిసినోప్రిల్ వాడతాడు. ఆపరేషన్‌కి ముందు 24 గంటలు ఆ మాత్ర ఆపమని చెప్పారు. అలవాటుగా పొద్దున్నే గుక్కెడు నీళ్లతో వేసేసుకున్నాడు. ఇలాంటివాళ్లకి మత్తు ఇచ్చాక ప్రెషర్ పడుతుంది, పడితే ఫెనైలెఫ్రిన్ లాంటి మామూలు ప్రెషర్ మందులకి అంత తేలిగ్గా లేవదు, అప్పుడు వాసోప్రెసిన్ అనే ఇంకో మందు కావాల్సి రావచ్చు. ఎలర్జీలు ఏమీ లేవన్నాడు. నోరు, మెడ చూశాను. ట్యూబ్ వేయడం కష్టమయ్యేలా లేదు.

ఆ గదిలో ఉన్న అసిస్టెంట్ మా దగ్గర చేరి రెండేళ్లు దాటింది. చురుకైన మనిషి, చేతులు స్థిమితంగా ఉంటాయి. ఆమెతో కారిడార్లో రెండు నిమిషాలు మాట్లాడాను. ఆ మాటలు దాదాపు ఇలాగే ఉన్నాయి (‘పైది’ అంటే బీపీలో పై అంకె, ‘ఎయిర్‌వే ప్రెషర్’ అంటే ఊపిరితిత్తుల్లోకి గాలి నెట్టడానికి పట్టే ఒత్తిడి):

“ఇతనికి ప్రెషర్ పడుతుంది. ఫెనైలెఫ్రిన్‌కి సరిగ్గా లొంగకపోవచ్చు. వాసోప్రెసిన్ తీసి పెట్టుకోండి. కానీ రెండు డోసుల ఫెనైలెఫ్రిన్ తర్వాత కూడా పైది 90 దాటి నిలవకపోతే, మూడోది ఏదైనా ఇచ్చే ముందు నాకు ఫోన్ చేయండి. ఇంకొకటి. లిసినోప్రిల్ వల్ల అయితే ప్రెషర్ పడుతుంది, ఎయిర్‌వే ప్రెషర్ పెరగదు. అది పెరిగిందంటే డోసుల లెక్క వదిలేయండి, పిలవండి.”

ఈ కేసులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేవి ఈ మాటల్లోని చివరి మూడు వాక్యాలే. ఎందుకో చెబుతాను. పర్యవేక్షించే డాక్టర్ ‘ప్రెషర్ పడుతుంది, కంగారుపడకండి’ అని ముందే చెబితే, ఆ మాట గదిలో ఉన్న మనిషి కళ్లకి గంతలు కట్టగలదు. ప్రెషర్ పడిన ప్రతిసారీ ‘డాక్టర్ చెప్పిందే’ అనిపిస్తుంది. ఎంత అనుభవం ఉన్నా ఈ వల నుంచి తప్పించుకోవడం కష్టం, పైగా చెప్పింది పైవాడైతే మరీ. అందుకే ఏమవుతుందో చెప్పినప్పుడే, ఏం కనిపిస్తే నా అంచనా తప్పినట్టో కూడా చెప్పాలి. ప్లాన్‌లో ఆ రెండో సగం లేకపోతే అసిస్టెంట్‌కి ఇచ్చింది ప్లాన్ కాదు, ఒక నమ్మకం.

7:28 నుంచి 7:48 వరకు

7:28కి ఒకటో గదిలో మత్తు మొదలుపెట్టాం. ఫెంటానిల్, లిడోకెయిన్, మత్తు మందు ప్రొపోఫాల్, తర్వాత కండరాలు సడలించే రోకురోనియం. ట్యూబ్ ఆమే వేసింది, వీడియో లారింగోస్కోప్‌తో మొదటిసారికే పడింది. స్క్రీన్ మీద కార్బన్ డయాక్సైడ్ అలలు (ట్యూబ్ శ్వాసనాళంలోనే ఉందనడానికి గుర్తు) చక్కగా వరసగా వచ్చాయి, రెండు వైపులా ఊపిరి చప్పుడు వినిపించింది, 23 సెంటీమీటర్ల గుర్తు దగ్గర టేప్ వేశాం. ప్రెషర్ 112 మీద 66. ఐదారు నిమిషాలు నిలబడి చూసి రెండో గదికి వెళ్లాను.

7:39కి ఆమె సెఫజోలిన్ రెండు గ్రాములు ఇచ్చింది. కోత పెట్టడానికి ముందు గంటలోపు పడాల్సిన యాంటీబయాటిక్ అది. వార్డు నుంచి రావడం ఆలస్యమై, మత్తు ఇచ్చాక ఇవ్వాల్సి వచ్చింది.

7:42కి ప్రెషర్ 86 మీద 50. సెవోఫ్లురేన్ (పీల్చే మత్తు మందు) తగ్గించి, ఫెనైలెఫ్రిన్ 100 మైక్రోగ్రాములు ఇచ్చి, బీపీ కఫ్‌ని నిమిషానికోసారి కొలిచేలా మార్చింది. 7:44కి 89 మీద 52. 7:46కి 78 మీద 44, రెండో డోసు. అప్పటికి గుండె 80ల నుంచి 118కి చేరింది. 7:47కి వెంటిలేటర్ మీద పీక్ ప్రెషర్ అలారం మోగింది. 18 ఉండాల్సిన చోట 31. ఎండ్-టైడల్ కార్బన్ డయాక్సైడ్ (వదిలే ఊపిరి చివర కొలిచేది) 34 నుంచి 24కి జారింది. పొట్టలోకి ఇంకా గ్యాస్ ఎక్కించలేదు కాబట్టి పీక్ ప్రెషర్ పెరగడానికి ఆ సాకు కూడా లేదు.

ఆ నిమిషంలో ఆమె చేతిలో ఏముందో తర్వాత తనే చెప్పింది: వాసోప్రెసిన్ సిరంజి. నేను పెట్టుకోమన్నదే. మూత తీసి, లైన్ దాకా తీసుకెళ్లి, మళ్లీ ట్రేలో పెట్టి ఫోన్ అందుకుంది.

నేను మూడో గదిలో ఉన్నాను. పేషెంట్ ముఖం మీద మాస్క్, ఆక్సిజన్ పీల్చుకుంటోంది. ప్రొపోఫాల్ సిరంజి ఐవీ లైన్‌కి తగిలించి ఉంది, ఇంకా నెట్టలేదు. సర్క్యులేటింగ్ నర్స్ ఫోన్ నా చెవి దగ్గర పెట్టింది.

“రెండు డోసులు అయ్యాయి. ప్రెషర్ 70. హార్ట్ రేట్ 118. పీక్ ప్రెషర్ 31, ఎండ్-టైడల్ 24. ఇది లిసినోప్రిల్‌లా లేదు. మీరు రావాలి.”

ఆ ఫోన్ పది సెకన్లు కూడా పట్టలేదు. ‘డాక్టర్ గారూ బిజీగా ఉన్నారా, ఒక చిన్న విషయం’ అని మొదలుకాలేదు. ఏం చేసిందో, ఏం కనిపిస్తోందో, ఏమనుకుంటోందో, నానుంచి ఏం కావాలో నాలుగూ చెప్పేసింది.

“యాంటీబయాటిక్ వెళ్లిందా?”

“పది నిమిషాలైంది.”

“సర్జన్‌ని ఆపండి. వంద శాతం ఆక్సిజన్. ఎపినెఫ్రిన్ ఇరవై మైక్రోగ్రాములు ఇవ్వండి, సెలైన్ పూర్తిగా తెరిచేయండి. వస్తున్నా.”

“ఎపినెఫ్రిన్ ఇరవై మైక్రోగ్రాములు, పది సిరంజిలోంచి రెండు ఎంఎల్.”

తిరిగి చెప్పిన ఆ వాక్యం ఎందుకంత విలువైనదో మత్తు విభాగంలో పనిచేసేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఎపినెఫ్రిన్ (అడ్రినలిన్, అనాఫిలాక్సిస్‌కి అసలు మందు) మా దగ్గర మూడు రూపాల్లో దొరుకుతుంది. ఆంపూల్లో ఎంఎల్‌కి 1000 మైక్రోగ్రాములు, గుండె ఆగినప్పుడు వాడే క్రాష్ కార్ట్ సిరంజిలో 100, మేం పలచన చేసి పెట్టుకునే సిరంజిలో 10. ‘రెండు ఎంఎల్’ అని మాత్రమే విని తప్పు సిరంజి పట్టుకుంటే మోతాదు పదింతలవుతుంది. ఫోన్‌లో చెప్పే ఏ ఆర్డరైనా మైక్రోగ్రాముల్లో చెప్పాలి, అవతలివాళ్లు ఎంఎల్‌లోకి మార్చి సిరంజి పేరుతో సహా తిరిగి చెప్పాలి. అప్పుడు పొరపాటు జరిగినా అది గాల్లోనే దొరుకుతుంది, నరంలోకి వెళ్లాక కాదు.

సిరంజి నెట్టకముందు, నెట్టాక

మూడో గది పేషెంట్‌కి “ఒక్క పది నిమిషాలు, పక్కన ఒకరికి నా అవసరం పడింది” అని చెప్పి, ప్రొపోఫాల్ సిరంజి లైన్ నుంచి తీయించి వెళ్లాను. తగిలించి ఉన్న సిరంజి ఎవరైనా నెట్టేసే అవకాశం ఉన్న సిరంజే.

చాలామంది ఈ కేసు విన్నాక అడిగే ప్రశ్న ఒకటే: ఫోన్ అర నిమిషం ఆలస్యంగా వచ్చి ఉంటే? అంటే మూడో గదిలో ప్రొపోఫాల్, రోకురోనియం రెండూ వెళ్లిపోయాక?

అప్పుడు నేను కదలలేను. ఊపిరి ఆగిన మనిషికి ట్యూబ్ పడి, అలలు స్క్రీన్ మీద కనిపించేదాకా ఆ తల దగ్గరే ఉండాలి. మామూలుగా ఇది ఒకటి రెండు నిమిషాల పని. కష్టమైన ఎయిర్‌వే తగిలితే పది నిమిషాలైనా కావచ్చు. అంతసేపూ ఒకటో గదికి నేను ఫోన్‌లో మాత్రమే డాక్టర్ని. ఆ ఖాళీని నింపడానికి మా బోర్డు మీద రోజూ రెండో డాక్టర్ పేరు రాసి ఉంటుంది. ఆయనకి గదులు కేటాయించరు, లేదా ఒక్కటే ఇస్తారు. మొదటి ఫోన్ ఎత్తలేని పరిస్థితి ఉంటే ఆయనకి వెళ్లాలి. ఈ పేరు లేని చోట ‘వెంటనే అందుబాటులో’ అనే మాటకి అర్థం లేదని నా అభిప్రాయం. అమెరికన్ సొసైటీ ఆఫ్ అనస్థీషియాలజిస్ట్స్ ఆ మాటకి ఇచ్చిన నిర్వచనంలో నిమిషాల లెక్క లేదు. అవసరమైనప్పుడు పేషెంట్ దగ్గరికి తిరిగి చేరగలిగేంత దగ్గరలో ఉండాలి అన్నదే దాని సారం. దూరం అడుగుల్లో కొలవొచ్చు, కానీ ఇంకో పేషెంట్ ఎయిర్‌వే చేతిలో ఉన్న డాక్టర్ అదే గోడకి అటు ఉన్నా దగ్గర్లో లేనట్టే.

మూడు గదులు, నాలుగు గదులు అని లెక్కపెట్టడం అందుకే నన్ను ఎక్కువ తృప్తిపరచదు. నాలుగు గదుల్లోనూ నడిమధ్యలో ఉన్న ఆపరేషన్లయితే ఒక డాక్టర్ తేలిగ్గా చూడగలడు. రెండు గదుల్లో ఒకేసారి మత్తు ఇవ్వాల్సి వస్తే ఆ రెండే ఎక్కువ. పొద్దున ఏడున్నరకి ఉండే గడ్డుతనం పదింటికి ఉండదు. 2022లో జామా సర్జరీ పత్రికలో వచ్చిన పెద్ద పరిశీలన ఒకటి ఉంది. అమెరికాలో 23 ఆసుపత్రుల రికార్డులు తీసుకుని, డాక్టర్ ఒకేసారి ఎన్ని కేసులు చూస్తే ఫలితాలు ఎలా ఉన్నాయో లెక్కగట్టారు. ఒకటి నుంచి రెండు గదుల మధ్య చూసే డాక్టర్ల పేషెంట్లతో పోలిస్తే, మూడు నుంచి నాలుగు మధ్య చూసేవాళ్ల పేషెంట్లలో మరణాలు, తీవ్రమైన సమస్యలు కలిపి 5.06 శాతం నుంచి 5.75 శాతానికి పెరిగాయి. రికార్డుల మీద చేసిన పరిశీలన కాబట్టి కారణం ఇదేనని అది నిరూపించదు. కానీ ‘నాలుగైనా తేడా ఏం లేదు’ అని ఇకమీదట ఎవరైనా అంటే రుజువు చూపించాల్సింది వాళ్లే.

తర్వాత ఏమైంది

నేను వెళ్లేసరికి ఇరవై మైక్రోగ్రాములు వెళ్లిపోయాయి, ప్రెషర్ 74. ఆపరేషన్ కోసం కప్పిన గుడ్డలు ఎత్తి చూస్తే ఛాతీ నుంచి మెడ దాకా ఎర్రటి దద్దుర్లు. ఆపరేషన్ టేబుల్ మీద అనాఫిలాక్సిస్ ఆలస్యంగా దొరకడానికి ఒక కారణం ఇదే. చర్మం గుడ్డల కింద ఉంటుంది, పేషెంట్ ‘దురదగా ఉంది, గొంతు బిగుస్తోంది’ అని చెప్పలేడు. మిగిలేవి నంబర్లే.

యాభై, తర్వాత వంద, మళ్లీ వంద మైక్రోగ్రాములు ఇచ్చాం. రెండు లీటర్ల ఫ్లూయిడ్ ప్రెషర్ బ్యాగ్ పెట్టి ఎక్కించాం, కాళ్లు ఎత్తి పెట్టాం. ఎపినెఫ్రిన్ డ్రిప్ మొదలుపెట్టాక ప్రెషర్ 90 దాటింది. లిసినోప్రిల్ లాంటి మందులు వాడేవాళ్లలో అనాఫిలాక్సిస్ వస్తే ప్రెషర్ లేవడం ఇంకా కష్టమవుతుంది. ఇక్కడా అదే జరిగింది. చివరికి వాసోప్రెసిన్ ఒక యూనిట్ కూడా ఇచ్చాం. పొద్దున తీసి పెట్టుకున్నది వృథా కాలేదు, సమయం వేరు అంతే. అది ముందే ఇచ్చి ఉంటే ప్రెషర్ కాస్త లేచి, అసలు జబ్బుకి మందు ఆలస్యమయ్యేది. రక్తనాళాన్ని బిగించడం వాసోప్రెసిన్‌కి చేతనవుతుంది. మూసుకుపోతున్న శ్వాసనాళాన్ని తెరవడం, ఎలర్జీ కణాల నుంచి ఇంకా బయటికి దూకుతున్న రసాయనాలను ఆపడం ఎపినెఫ్రిన్ పని. స్టెరాయిడ్, యాంటీహిస్టమిన్ తర్వాత ఇచ్చాం, అవి ప్రాణం నిలబెట్టే మందులు కావు.

నేను ఒకటో గదిలో ఇరుక్కుపోయానని తెలియగానే బోర్డు మీద పేరున్న రెండో డాక్టర్ రెండో గది, మూడో గది తీసుకున్నారు. బాధ్యత ఎన్ని గంటలకి చేతులు మారిందో రెండు చార్టుల్లోనూ రాశాం. దగ్గర్లో చిన్న ఎమర్జెన్సీ వస్తే కాసేపు చూసి రావడాన్ని మెడికేర్ నియమాలు ఒప్పుకుంటాయి. కానీ ముప్పావుగంట పట్టేదాన్ని చిన్నది అనలేం. అంతసేపు నేను మిగతా గదులకి డాక్టర్నని రాసుకోవడం బిల్లు పరంగా చిక్కే. ఆ పేషెంట్లకి అన్యాయం కూడా. మోకాలి ఆపరేషన్ ముగిసి మత్తు దిగే వేళకి ఆ గదిలో నేను లేను, వేరే డాక్టర్ ఉన్నారు. అలాగే ఉండాలి.

ఆపరేషన్ ఆపేశాం. ట్యూబ్‌తోనే ఐసీయూకి పంపాం. 8:20కి ఒకటి, రెండు గంటల తర్వాత ఇంకొకటి, మర్నాడు ఒకటి ట్రిప్టేజ్ (ఎలర్జీ కణాలు వదిలే పదార్థం) పరీక్షకి రక్తం తీశారు. మొదటిది 29, మర్నాటిది 6. మామూలు స్థాయిని (ఇక్కడ మర్నాటి 6) 1.2తో గుణించి రెండు కలిపితే వచ్చే అంకె కంటే మొదటిది ఎక్కువ ఉండాలి. ఇక్కడ ఆ హద్దు 9.2, కాబట్టి సందేహం లేదు. సాయంత్రానికి ట్యూబ్ చుట్టూ ఉండే కఫ్ (గాలి బుడగ) దించి పక్కనుంచి గాలి లీకవుతోందో లేదో చూసి, గొంతు వాపు లేదని తేల్చుకుని ట్యూబ్ తీశారు. ఆరు వారాల తర్వాత ఎలర్జీ క్లినిక్‌లో చర్మం మీద చేసిన పరీక్షల్లో రోకురోనియం నెగెటివ్, సెఫజోలిన్ పాజిటివ్. సెఫజోలిన్ అణువుకి పక్కన ఉండే గొలుసు మిగతా సెఫలోస్పోరిన్లకి ఉండదు కాబట్టి, అతను ఆ జాతి మందులన్నిటికీ దూరంగా ఉండక్కర్లేదని క్లినిక్ వాళ్లు పరీక్షించి రాసిచ్చారు. తర్వాత వాంకోమైసిన్‌తో, అదే రోకురోనియంతో హెర్నియా ఆపరేషన్ ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయింది. ఆ రోజు లిసినోప్రిల్ వేసుకోకుండానే వచ్చాడు.

అసిస్టెంట్‌తో మాట్లాడినప్పుడు

మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని మానిటర్ రికార్డు తీసి చూశాం. “మూడోసారి ఇచ్చి చూద్దామనిపించింది,” అంది. “మీరు మూడో గదిలో ఇండక్షన్‌లో ఉంటారని తెలుసు. ఫోన్ చేస్తే అక్కడ డిస్టర్బ్ అవుతారేమో అని ఒక్క క్షణం ఆగాను. కానీ మీరు రెండు అన్నారుగా.”

‘రెండు అన్నారుగా’ అన్న మాట చూడండి. పిలవాలా వద్దా అని ఆమె తేల్చుకోవాల్సిన అవసరం లేకుండా పోయింది. అది పొద్దున్నే తేలిపోయిన విషయం. ‘అవసరమనిపిస్తే పిలవండి’ అని చెప్పి వెళ్లిపోయే డాక్టర్లు చాలామంది ఉన్నారు. వినడానికి ఎదుటివాళ్ల మీద నమ్మకం ఉన్నట్టు ఉంటుంది. కానీ ఆ మాట బరువంతా అసిస్టెంట్ నెత్తిన పెడుతుంది. పిలిస్తే ‘ఇంత చిన్నదానికా’ అంటారేమో, పిలవకపోతే ఏమవుతుందో అన్న టెన్షన్‌లో విలువైన నిమిషాలు పోతాయి. అంకె చెబితే ఆ బరువు డాక్టర్ మీదికి వస్తుంది, అది ఉండాల్సిన చోటు కూడా అదే.

ఇంకో సంగతి ఎవరూ పాలసీల్లో రాయరు. పిలిచినప్పుడు డాక్టర్ గొంతు ఎలా ఉందో అసిస్టెంట్లు గుర్తుపెట్టుకుంటారు. ఫోన్‌లో ఒక్క నిట్టూర్పు చాలు, తర్వాతి ఫోన్ రెండు నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అక్కర్లేని ఫోన్లు నాకు నెలకి చాలానే వస్తాయి. వెళ్లి చూసి, ‘సరే బానే ఉంది’ అని చెప్పి వస్తాను. అవి లేకుండా చేసుకోవాలని నేనెప్పుడూ ప్రయత్నించలేదు.

అయితే ఎపినెఫ్రిన్ గురించి మాత్రం మా ఇద్దరి మధ్య కాస్త వాదన జరిగింది. 7:47కి పీక్ ప్రెషర్ పెరిగినప్పుడే, నాతో మాట్లాడకుండా పది ఇరవై మైక్రోగ్రాములు తనే ఇచ్చి ఉండొచ్చా అని అడిగింది. నా జవాబు: ఇవ్వొచ్చు, ఇస్తూనే పిలవాలి. నేర్చుకున్న మందు, పలచన చేసి పెట్టుకున్న సిరంజి, తలుపు తట్టిన జబ్బు. పర్యవేక్షణ అంటే డాక్టర్ నోటి నుంచి మాట వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడటం కాదు. మా డిపార్ట్‌మెంట్లో ఇద్దరు సీనియర్లు దీనికి ఒప్పుకోలేదు. డాక్టర్ చెప్పకుండా ఎపినెఫ్రిన్ అంటే అసిస్టెంట్ల పరిధి దాటడమే అన్నారు. గుండె ఆగితే చెస్ట్ కంప్రెషన్స్‌కి కూడా నా ఆర్డర్ కోసం ఆగాలా అని నేనన్నాను. చివరికి రాతపూర్వకంగా ఒక పద్ధతి పెట్టుకున్నాం: అనాఫిలాక్సిస్ అనుమానం వస్తే మొదటి ఇరవై మైక్రోగ్రాములు అసిస్టెంట్ ఇవ్వొచ్చు, అదే నిమిషంలో ఫోన్ వెళ్లాలి, రెండో డోసు డాక్టర్ చెప్పాకే. ఆ సీనియర్లలో ఒకరు ఇప్పటికీ సంతకం పెట్టలేదు.

యాంటీబయాటిక్ విషయంలో గొడవ లేకుండా మార్పు వచ్చింది. వీలైనంత వరకు మత్తుకి ముందే, పేషెంట్ మెలకువగా ఉన్నప్పుడే ఇస్తున్నాం. ఎలర్జీ వస్తే పేషెంటే చెబుతాడు, అప్పటికి రోకురోనియం, ప్రొపోఫాల్ ఏవీ వెళ్లి ఉండవు కాబట్టి ఏ మందు వల్లో వెతుక్కునే పనీ ఉండదు. దీనికి వార్డు నుంచి మందు వేళకి రావాలి. అది ఇప్పటికీ వారంలో ఒకటి రెండుసార్లు రాదు.

షెడ్యూల్లో మాత్రం మూడు గదులకీ ఏడున్నర అనే ఉంది. గదుల వరస మేమే పెట్టుకుంటున్నాం, థైరాయిడ్ సర్జన్ ఇప్పటికీ నొచ్చుకుంటున్నారు. ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు ఏ డాక్టర్‌కీ రెండు గదుల కంటే ఎక్కువ ఇవ్వొద్దని, ఆ తర్వాత మూడు నాలుగైనా సర్దుకుంటామని మేనేజ్‌మెంట్‌కి రాసిచ్చాను. దానికి రోజూ ఆ ఒక్క గంటకి ఇంకో డాక్టర్ కావాలి. ఖర్చెంతవుతుందో లెక్క కట్టి చెప్పమన్నారు. కట్టి ఇచ్చాను, వచ్చే బడ్జెట్‌లో చూస్తామన్నారు.